శైథిల్యం, రూపాంతరం, విక్రియ: ఖనిజ మార్పును తెలిపే తెలుగు పదాల అర్థవిచారం

ప్రస్తావన

శాస్త్ర పారిభాషిక పదాన్ని పరిశీలించేటప్పుడు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తాం. అది మూలభాషలోని పదానికి సరితూగుతుందా అన్నది మొదటిది. తెలుగు నుడికారానికి ఒదుగుతుందా అన్నది రెండవది. ఈ రెండింటితో పాటు మరొక ప్రశ్న కూడా అవసరం. ఆ పదాన్ని ఆధారం చేసుకొని కళ్లముందున్న వస్తువును చూసినప్పుడు ఏది స్పష్టమవుతుంది, ఏది మరుగున పడుతుంది? భూవిజ్ఞానశాస్త్రంలో ఖనిజాల మార్పును తెలిపే తెలుగు పదాలను ఈ మూడవ ప్రశ్న వెలుగులో విమర్శించడం ఈ వ్యాస లక్ష్యం. పరిశీలనకు క్షేత్రంగా హైదరాబాదు పడమటి భాగంలోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలను స్వీకరించాను. నేడు హైటెక్ సిటీ అనీ సైబరాబాద్ అనీ పిలుస్తున్న నేల ఇదే.

ఈ క్షేత్రాన్ని ఎన్నుకోవడానికి కారణం ఉంది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ ప్రాంతాన్ని వర్ణించే తెలుగు రచనల్లోనూ ప్రసంగాల్లోనూ ‘రూపాంతరం’ అనే మాట విరివిగా వినిపిస్తోంది. రాళ్లగుట్టలు రూపాంతరం చెంది అద్దాల మేడలయ్యాయన్నది ఆ వర్ణనల సారం. ఇదే మాట మన పాఠ్యపుస్తకాల్లో ఒక శిలాజాతికి పేరు. అయితే ఈ ప్రాంతపు రాయి ప్రధానంగా గ్రానైట్. అక్కడక్కడా నైస్ కనిపించినా, మొత్తం మీద ఇది అగ్నిశిలల నేల. ఇక్కడి రాతిలో నేటికీ జరుగుతున్న ఖనిజ మార్పు మరొకటి. దానికి మన శాస్త్రభాష ‘శైథిల్యం’ అని పేరు పెట్టింది. రూపాంతరానికీ శైథిల్యానికీ నడుమ ఒక ముఖ్యమైన భావం జారిపోయిందనీ, ఆ లోటు కేవలం భాషాసంబంధమైనది కాదనీ ఈ వ్యాసం నిరూపించదలచింది.

రూపాంతరం: పదం, పరిధి

చార్లెస్ లయెల్ 1833లో తన భూవిజ్ఞాన గ్రంథం మూడవ సంపుటంలో ‘మెటామార్ఫిక్’ అనే విశేషణాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. గ్రీకులో ‘మెటా’ మార్పును, ‘మార్ఫే’ రూపాన్ని తెలుపుతాయి. కాబట్టి ‘రూపాంతర శిల’ అన్న తెలుగు సమాసం మూలానికి అవయవానువాదం. గమనించదగిన విషయమేమంటే, జీవశాస్త్రంలో ఇదే గ్రీకు ధాతువుల నుంచి పుట్టిన ‘మెటామార్ఫసిస్’కు తెలుగులో ‘రూపవిక్రియ’ అనే వేరు పదం స్థిరపడింది. తోకకప్ప కప్పగా మారడం రూపవిక్రియ. సున్నపురాయి పాలరాయిగా మారడం రూపాంతరం. ఆంగ్లంలో ప్రత్యయం ద్వారా మాత్రమే కనిపించే భేదాన్ని తెలుగు రెండు వేర్వేరు పదాలతో చూపింది. ఇది తెలుగు పారిభాషిక కల్పనలోని సూక్ష్మతకు నిదర్శనం.

పాలరాయి ఉదాహరణకు ‘రూపాంతరం’ చక్కగా సరిపోతుంది. సున్నపురాయిలోనూ పాలరాయిలోనూ ఉన్న ఖనిజం కాల్సైటే. వేడికి, ఒత్తిడికి దాని రేణువులు తిరిగి స్ఫటికీకరించి పెద్దవవుతాయి. ద్రవ్యం అదే, రూపం వేరు. కాని అన్ని రూపాంతర శిలలూ ఇలాంటివి కావు. విశాఖపట్నం పరిసరాల్లో తూర్పు కనుమలకు ఆధారమైన ఖోండలైట్‌ను తీసుకుందాం. ఖోండు గిరిజనుల పేరు మీదుగా ప్రసిద్ధమైన ఈ శిల ఒకప్పుడు బంకమట్టి అవక్షేపం. భూమి లోతుల్లో కరగకుండానే వేడికి, ఒత్తిడికి లోనై, మట్టిలోని ఖనిజాలు గార్నెట్, సిలిమనైట్ వంటి కొత్త ఖనిజాలయ్యాయి. ఇక్కడ మారింది రూపం ఒక్కటే కాదు, ఖనిజమే మారింది. అంటే ‘రూపాంతరం’ అన్న పదం తాను సూచించే ప్రక్రియలో సగాన్నే వాచ్యంగా చెబుతుంది. మిగిలిన సగాన్ని నిర్వచనం పూరించాలి.

ఖోండలైట్ కథ అంతటితో ముగియదు. అదే రాయి నేల పైపొరలకు చేరాక వాననీటి ప్రభావంతో కొన్నిచోట్ల బాక్సైట్‌గా మారింది. మట్టి గార్నెట్ కావడానికి, గార్నెట్ ఉన్న రాయి బాక్సైట్ కావడానికి మధ్య తేడా ఏమిటి? మొదటిది లోతులో, సుమారు 150–200 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో జరిగింది. రెండవది నేలకు దగ్గరగా, నీటి వల్ల జరిగింది. రెండూ ఖనిజ మార్పులే. మొదటిదానికి రూపాంతరమన్న గౌరవప్రదమైన పేరు దక్కింది. రెండవది శైథిల్యం ఖాతాలో పడింది.

శైథిల్యం: పదం మరుగుపరచినది

ఆంగ్లంలోని ‘వెదరింగ్’కు తెలుగు పాఠ్యగ్రంథాల్లో స్థిరపడిన పదం ‘శిలాశైథిల్యం’. భౌతిక శైథిల్యం, రసాయనిక శైథిల్యం అని దానికి ఉపభేదాలు. సంస్కృతంలో ‘శిథిల’ శబ్దానికి వదులైన, సడలిన అని అర్థం. ఆ అర్థంలో పదం ఉచితమే. రేణువుల మధ్య పట్టు సడలడం రాతి విషయంలో నిజంగా జరిగే పని. అయితే తెలుగు వాడుకలో ‘శిథిలం’ ఆ అర్థాన్ని దాటి చాలా దూరం వచ్చింది. శిథిలాలయం, శిథిల భవనం, శిథిలాల కింద చిక్కుకున్నవారు అన్న ప్రయోగాల్లో మిగిలింది పతనభావమే. మూలపదమైన ‘వెదరింగ్’లో ఎండ, వాన, గాలి అనే కారణం ఉంది, ఫలితం మంచిదో చెడ్డదో అన్న తీర్పు లేదు. తెలుగు పదంలో కారణం పోయింది, తీర్పు వచ్చి చేరింది.

పదం చెప్పనిది ఏమిటో తెలియాలంటే హైటెక్ సిటీ గ్రానైట్‌లో ఏం జరుగుతోందో చూడాలి. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న ఈ రాతిలో మూడు ఖనిజాలు ప్రధానం. పలుగురాయిగా మనకు తెలిసిన క్వార్ట్జ్ ఒకటి. గులాబి రంగునో బూడిద రంగునో రాతికిచ్చే ఫెల్డ్‌స్పార్ రెండవది. కాకిబంగారమని పిల్లలు ఏరుకొనే అభ్రకపు నల్లని రకమైన బయొటైట్ మూడవది. ఆకాశం నుంచి రాలిన వాన గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు పగుళ్ల వెంట దిగి ఫెల్డ్‌స్పార్‌ను తాకినప్పుడు జలవిశ్లేషణ జరుగుతుంది. పొటాషియం, సోడియం, కొంత సిలికా నీటిలో కలిసి వెళ్లిపోతాయి. అల్యూమినియం, మిగిలిన సిలికా నీటి అంశను తమలో ఇముడ్చుకొని కయొలిన్ అనే కొత్త ఖనిజంగా కుదురుకుంటాయి. బయొటైట్‌లోని ఇనుము ఆక్సీకరణం చెంది మట్టికి ఎర్రదనాన్నిస్తుంది. పలుగురాయి దాదాపు అలాగే నిలిచి ఇసుకరేణువవుతుంది.

ఇందులో కూలినది ఉంది, కొత్తగా కట్టుకున్నదీ ఉంది. కయొలిన్ ఫెల్డ్‌స్పార్ ముక్క కాదు. తనదైన అణునిర్మాణమూ స్ఫటికవ్యవస్థా గల వేరొక ఖనిజం. భూవిజ్ఞానులు ఈ భేదాన్ని గుర్తించే, వెదరింగ్‌తో పాటు ‘ఆల్టరేషన్’ అనే మరొక పదాన్ని వాడతారు. నీరు గాని వేడి ద్రావణం గాని తాకి ఒక ఖనిజం మరొక ఖనిజంగా మారడాన్ని ఆ పదం సూచిస్తుంది. నేల పైపొరల్లో జరిగినా, లోతైన పగుళ్లలో వేడినీటి వల్ల జరిగినా అది చెల్లుతుంది. పులివెందుల ప్రాంతంలో వేంపల్లె డోలమైట్ రాతిలోకి డోలరైట్ చొచ్చుకొచ్చిన సరిహద్దుల్లో డోలమైట్ సర్పెంటైన్‌గా మారి రాతినార ఏర్పడటం ఈ లోతైన మార్పు కోవలోదే. గచ్చిబౌలి మట్టినీ పులివెందుల రాతినారనూ ఒకే భావం కిందికి తెచ్చే పదం మన సామాన్య పాఠ్యభాషలో స్థిరపడలేదు. ఒకటి శైథిల్యమై దిగజారింది. రెండవది రూపాంతరంలో కలిసిపోయింది.

మొరం, సుద్ద: వాడుక గుర్తించినది

హైదరాబాదుకు పారిభాషిక పదకల్పనలో దీర్ఘచరిత్ర ఉంది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఈ నగరంలోనే స్థాపితమై తెలుగులో శాస్త్రగ్రంథ ప్రచురణకు దారి వేసింది. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయ అవసరాల కోసం ఏర్పడిన అనువాద విభాగం ఉర్దూలో శాస్త్రపదాలను నిర్మించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నత విద్యకు కావలసిన తెలుగు పదజాలాన్ని సమకూర్చే బాధ్యత తీసుకుంది. ఈ కృషి విలువను తక్కువ చేయలేం. అయితే పదకల్పనలో సంస్కృత ధాతువుల వైపు చూసినంతగా ఆ రాతిమీద పనిచేసేవారి నోటివైపు చూశారా అన్నది అడగదగిన ప్రశ్న. వృత్తిపదాలను క్షేత్రంలో సేకరించే పద్ధతికి భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటంతో 1962లోనే బాట వేశారు. రాతిపనికి, బావి తవ్వకానికి సంబంధించిన పదజాలం భూవిజ్ఞాన పరిభాషకు అలాగే ఆకరం కాగలదు.

ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ వైపు పునాదుల కోసం నేలను నిలువుగా కోసినచోట పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన పలుచని ఎర్రమట్టి. దాని కింద చేత్తో నలిపితే పొడి అయ్యే, అయినా రాతి మచ్చలు ఇంకా గుర్తుపట్టగలిగే పొర. ఆ పొరలో అక్కడక్కడా ఉల్లిపొరల్లా పెచ్చులూడుతున్న గుండ్లు. ఆ కింద పగుళ్లతో కూడిన రాయి, చివరికి గట్టి బండ. ఈ రెండవ పొరను తెలంగాణలో ‘మొరం’ అంటారు; మరాఠీలోనూ ‘మురూమ్’ అన్న రూపంలో ఇది వాడుకలో ఉంది. శాస్త్రజ్ఞులు ‘సాప్రోలైట్’ అని పిలిచే దానికి ఈ పదం చాలా దగ్గరగా వస్తుంది. మొరం అంటే రాయి కాదు, మట్టీ కాదు. రాయిగా ఉన్నది మట్టిగా మారుతున్న దశ. తెల్లని మెత్తటి మట్టికి ‘సుద్ద’ అనే పేరు కూడా ఉంది. బోరు వేయించేవారు ఎన్ని అడుగుల వరకు మొరం, ఎక్కడ బండ తగిలింది అని లెక్క చెబుతారు. ఆ లెక్కలో పతనభావం లేదు. నీరు ఎక్కడ దొరకవచ్చునన్న అంచనా ఉంది.

ఈ నిలువుకోత మరొక సత్యాన్ని కూడా చెబుతుంది. గ్రానైట్‌లో సహజంగా ఏర్పడిన పగుళ్లు ఒకదానినొకటి ఖండించుకొని రాతిని దిమ్మెలుగా విభజిస్తాయి. నీరు దిమ్మె మూలలను మూడు వైపుల నుంచి, అంచులను రెండు వైపుల నుంచి, ముఖాలను ఒక వైపు నుంచి తాకుతుంది. అందువల్ల మూలలు ముందుగా మారి, దిమ్మె నేలలోనే గుండ్రబడుతుంది. చుట్టూ ఉన్న మొరం కాలక్రమంలో కొట్టుకుపోయాక గుండు బయటపడి మరో గుండు మీద నిలిచి కనిపిస్తుంది. హైదరాబాదుకు గుర్తింపు తెచ్చిన ఒంటిగుండ్లు, జంటగుండ్లు, గచ్చిబౌలి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని పుట్టగొడుగు బండ ఈ జాతివే. 1996 నుంచి ఈ శిలల రక్షణకు పౌరసంస్థ ఒకటి పనిచేస్తోంది. మనం సౌందర్యం కోసం కాపాడాలనుకొనే గుండూ, ట్రిప్పర్ల లెక్కన తరలించే మొరమూ ఒకే ఖనిజ మార్పుకు రెండు ఫలితాలు. ‘శైథిల్యం’ అన్న పదం ఈ రెండింటినీ కలిపి చూడనివ్వదు. దాని దృష్టిలో గుండు మిగిలిన గొప్పతనం, మొరం పోయిన శేషం.

వికృతి, ఆదేశం: మన శాస్త్రాలు చూపే దారి

ఖనిజ మార్పును పతనంగా గాక మార్పుగా చెప్పగల పదం మన సంప్రదాయంలో లేకపోలేదు. దర్శనాల్లో పరిణామ చర్చ ప్రసిద్ధం. బంగారం నగగా మారినా బంగారంగానే ఉంటుంది; తెలుగు మూలాలు గల వల్లభాచార్యుల సంప్రదాయం దీనిని అవికృత పరిణామమంటుంది. పాలు పెరుగైనప్పుడు పాలు మిగలవు; ఇది వికృత పరిణామం. సున్నపురాయి పాలరాయి కావడం మొదటి కోవకు, ఫెల్డ్‌స్పార్ కయొలిన్ కావడం రెండవ కోవకు చెందుతాయి. పాఠ్యభాషలోని ‘రూపాంతరం’ నిజానికి నగ ఉపమానానికే తగిన మాట. పెరుగు ఉపమానానికి తగిన మాట మనకు కావాలి. ‘పరిణామం’ను నేరుగా స్వీకరించవచ్చు గాని, అది జీవపరిణామవాదం ద్వారా వేరొక శాస్త్రార్థంలో స్థిరపడింది.

‘వికృతి’ సంగతి మరింత ఆసక్తికరం. లోకవ్యవహారంలో దానికి వికారమన్న అర్థమే బలంగా ఉంది. కాని తెలుగు వ్యాకరణం చదివిన ప్రతి విద్యార్థికి ‘ప్రకృతి–వికృతులు’ తెలుసు. విద్య ప్రకృతి, విద్దె వికృతి. రాత్రి ప్రకృతి, రాతిరి వికృతి. ఇక్కడ వికృతి చెడిపోయిన పదం కాదు. ఈ నేల నోటికి అనుగుణంగా మారి, ఇక్కడ స్థిరపడ్డ పదం. ఫెల్డ్‌స్పార్‌కూ సుద్దకూ ఉన్న సంబంధం సరిగ్గా అలాంటిది. భూమి లోతుల్లోని వేడిలో స్థిరంగా ఉన్న ఖనిజం, నేల మీది నీటికి, గాలికి అనుగుణంగా మారి ఇక్కడ స్థిరత్వం పొందిన రూపమే కయొలిన్. దాని దృష్టిలో అస్థిరమైనది ఫెల్డ్‌స్పారే.

ఈ కారణంగా ‘ఖనిజ విక్రియ’ అనే పదాన్ని ఆల్టరేషన్‌కు వాడవచ్చునని ప్రతిపాదిస్తున్నాను. ‘విక్రియ’ శాస్త్రభాషకు కొత్త కాదు. ‘రూపవిక్రియ’లో అది ఇప్పటికే వాడుకలో ఉంది. వికృతి శబ్దానికున్న లౌకిక నిందార్థం దానికి అంటలేదు. అప్పుడు మూడు పదాలకు మూడు పరిధులు ఏర్పడతాయి. వేడి, ఒత్తిడి ప్రధాన కారణాలుగా, కరగకుండా జరిగేది రూపాంతరం. నీరు లేదా ద్రావణం కారణంగా ఒక ఖనిజం మరొకటి కావడం విక్రియ. దాని ఫలితంగా రాతి పట్టు సడలడం శైథిల్యం.

వ్యాకరణం మరొక పదాన్ని కూడా అందిస్తుంది. కొన్నిచోట్ల ఒక ఖనిజం పూర్తిగా తొలగి, దాని ఆకారంలోనే మరొక ఖనిజం చేరుతుంది. ఘనాకారపు పైరైట్ స్ఫటికం ఇనుప ఆక్సైడుగా మారినా ఘనాకారం చెక్కుచెదరదు. ప్రాణహిత–గోదావరి లోయలో దొరికే శిలాజ వృక్షాల్లోనూ కలప స్థానంలో సిలికా చేరి కాండం ఆకారం నిలిచింది. ‘కూరకాయలు’ అన్నచోట కకారం స్థానంలో గకారం వచ్చి ‘కూరగాయలు’ కావడాన్ని వ్యాకరణం ఆదేశమంటుంది. ఉన్నదాన్ని తొలగించి దాని స్థానంలో నిలిచేది ఆదేశం. ఉన్నదాన్ని తొలగించకుండా వచ్చి చేరేది ఆగమం. ఖనిజస్థానంలో మరొక ఖనిజం రావడాన్ని ‘ఖనిజాదేశం’ అనడం ఈ భేదాన్ని వాచ్యంగా చెబుతుంది.

పదభేదం వల్ల ప్రయోజనం

కొత్త పదంతో వాస్తవంలో మారేది ఏమిటన్న ఆక్షేపణ సహజం. దానికి సమాధానం నీటిలో ఉంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఫ్రెంచి పరిశోధకులతో కలిసి హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో గ్రానైట్ నేలల భూగర్భజలాన్ని విస్తృతంగా అధ్యయనం చేశారు. ఆ అధ్యయనాల నుంచి ఏర్పడిన నమూనా ప్రకారం పైన మొరం పొర నీటిని నిల్వ చేసుకుంటుంది. దాని కింది పగుళ్ల పొర నీటిని బావులకు, బోర్లకు చేరవేస్తుంది. ఆ పగుళ్లు కూడా చాలావరకు ఖనిజ మార్పు ఫలితాలే. బయొటైట్ మారుతున్నప్పుడు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న రాయి చీలుతుంది. గట్టి బండలో నీరు నిలవడానికి చోటు స్వల్పం.

ఈ వివరణ భాషాచర్చకు నిర్ణాయకమైనది. పాఠ్యపుస్తకం భౌతిక శైథిల్యాన్నీ రసాయనిక శైథిల్యాన్నీ పక్కపక్కన పెట్టి రెండు రకాలుగా చూపుతుంది. మహేశ్వరం గ్రానైట్‌లో మాత్రం రసాయనిక మార్పే భౌతికమైన చీలికకు కారణమవుతోంది. విక్రియ కారణం, శైథిల్యం కార్యం. కార్యం పేరుతోనే కారణాన్నీ పిలిచినప్పుడు ఈ సంబంధం విద్యార్థికి అందదు.

హైటెక్ సిటీ పరిసరాల్లో పలు అంతస్తుల సెల్లార్ల కోసం మొరాన్నీ పగుళ్ల పొరనూ తొలగించి గట్టి బండ దాకా తవ్వడం సాధారణమైంది. ఆ తవ్వకంలో తరలిపోయేది శిథిల పదార్థమని భావిస్తే నష్టం కనిపించదు. అది లక్షల ఏళ్ల విక్రియ కట్టిన నీటి పాత్ర అని తెలిస్తే చూపు మారుతుంది. ఆవరణలో ఇంకుడు గుంత తవ్వించినా, నీరు ఇంకవలసిన పొరే లేనిచోట దాని ప్రయోజనం పరిమితం. దుర్గం చెరువు వంటి జలాశయాల భవిష్యత్తుకూ చుట్టుపక్కల నేలలో మిగిలిన ఈ పొరకూ సంబంధం ఉంది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి రేపు ఇంజనీరో పంచాయతీ అధికారో అయినప్పుడు ఈ పొరను ఏ పేరుతో గుర్తుపట్టాడన్నది చిన్న విషయం కాదు.

‘రూపాంతరం’ అన్న రూపకం కూడా ఇక్కడే విమర్శకు నిలవాలి. శాస్త్రార్థంలో రూపాంతరం చెందిన శిలలో పూర్వశిల ద్రవ్యం చాలావరకు మిగిలే ఉంటుంది. సైబరాబాద్ నిర్మాణంలో రాయి మారలేదు, పేల్చి తొలగించారు. గుట్టల బేగంపేట వంటి పేర్లలో గుట్ట మిగిలింది గాని నేల మీద చాలాచోట్ల మిగలలేదు. తొలగింపును రూపాంతరమనడం వల్ల నష్టానికి సహజ ప్రక్రియ అన్న గౌరవం దక్కుతోంది. నిజమైన సహజ ప్రక్రియకేమో శిథిలమన్న పేరు మిగిలింది. రెండు పదాలూ తారుమారయ్యాయి.

ఉపసంహారం

ఈ ప్రతిపాదనకు పరిమితులున్నాయి. లోతైన వేడినీటి విక్రియకూ తక్కువస్థాయి రూపాంతరానికీ ప్రకృతిలోనే కచ్చితమైన హద్దు లేదు. పదం ఆ హద్దును సృష్టించలేదు. ‘ఆదేశం’ అనగానే లోకానికి ఉత్తర్వు అన్న అర్థం స్ఫురిస్తుంది గనుక సమాసంలో తప్ప వాడరాదు. ‘శిలాశైథిల్యం’ ఇప్పటికే తరతరాల విద్యార్థుల నోట నలిగింది. దాన్ని తొలగించడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. దాని పరిధిని సడలిక అన్న మూలార్థానికి పరిమితం చేసి, ఖనిజం మారిందని చెప్పవలసినచోట ‘విక్రియ’ను చేర్చుకుంటే చాలు. మొరం, సుద్ద, పలుగురాయి, కాకిబంగారం వంటి వాడుక మాటలను పాఠ్యగ్రంథాలు వివరణల్లో కాక ప్రధాన పదాలుగా స్వీకరించాలి.

‘శిలాక్షరం’, ‘రాతిగుండె’ వంటి తెలుగు పలుకుబళ్లు రాయిని మార్పులేనితనానికి గుర్తుగా వాడతాయి. ఖాజాగూడ నిలువుకోత ఆ భావనను సవరిస్తుంది. రాయి మారుతూనే ఉంది. ఆ మార్పు వల్లనే ఈ పీఠభూమి మీద చెలక నేల ఏర్పడి పంటకూ బావికీ ఆధారమైంది. ఆ మార్పును దాని పేరుతో పిలవగలిగినప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోగలం.